ఒక్కరు కాదంటే

ఆ గదిలో ఒక్కరు కాదంటే చాలు, ఏ పనీ ముందుకు కదలదు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. కానీ కాదనే ఆ ఒక్కరు మా వెంకటేశ్వరి అవుతుందని నేను కలలో కూడా అనుకోలేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది నా పని.

ఇప్పుడు నేను ఎంబసీ వాళ్ళ షెల్టర్‌లో ఉన్నాను. చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా పొద్దస్తమానం వాళ్ళ వాళ్ళ మామాలను, అంటే పనిచేసే ఇంటి యజమానురాళ్ళను, తిట్టుకుంటూ ఉంటారు. నేను తిట్టుకునేది మా మామాను కాదు. అందుకే నా మాట వాళ్ళకు ఎక్కదు. "ఎవరో టీచరమ్మ ఇంట్లో ఉండనీకపోతే నీకెందుకమ్మా అంత మంట?" అంటారు. ఎందుకో చెబుతాను, వినండి.

నా పేరు మునిలక్ష్మి. మాది రాయచోటి దగ్గర పల్లె. వెంకటేశ్వరిది మా వెనక వీధి, వయసులో నాకంటే పెద్దది, కువైట్‌కూ నాకంటే ముందే వచ్చింది. నేనొచ్చిన కొత్తలో అరబ్బీ ముక్క రాక, మామా చీపురు అడిగితే గరిటె తెచ్చి తిట్లు తింటున్న రోజుల్లో, ఫోన్లో గంటలకు గంటలు కూర్చోబెట్టి మాటలు నేర్పింది ఆమే. కాళ్ళు వాచాయంటే ఉప్పునీళ్ళలో పెట్టుకోమన్నదీ ఆమే, ఏడుపొస్తే బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడవమన్నదీ ఆమే. అక్కా అని నేను ఊరికే పిలవలేదు.

ఆమె పనిచేసేది మహబూలాలో, సముద్రం కనపడే ఒక బిల్డింగులో, రూత్ అనే ఇంగ్లండు టీచరమ్మ ఇంట్లో. వెంకటేశ్వరి ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు, ఆ టీచరమ్మ పేరు మీదే ఉంది. అంటే ఆమే కఫీల్. ఆమె ఊఁ అంటే ఈ దేశంలో ఉండాలి, ఉఁహూఁ అంటే విమానం ఎక్కాలి. అయినా సరే వెంకటేశ్వరి ఆమెను మేడమ్ అనదు, మామా అనదు. రూత్ అంటుంది. కఫీల్‌ను పేరు పెట్టి పిలవడం! మొదటిసారి విన్నప్పుడు నేను నోరు నొక్కుకున్నాను.

"ఏం మే, మొగుని పేరు పలికినట్ల అదిరిపడ్తాండావే?" అని నవ్వింది వెంకటేశ్వరి. "వాళ్ళ మతంలో అంతే. అమ్మగారు లేదు, అయ్యగారు లేదు. పెద్దా చిన్నా అనేదే లేదు. అందురూ ఫ్రెండ్సే. నువ్వూ ఒక శుక్రారం వచ్చి చూడు."

వాళ్ళను క్వేకర్లు అంటారట. మా మామా వాళ్ళు శుక్రవారం పొద్దున్నే కబ్ద్‌లో ఉన్న తోటకు పోయి పొద్దుగూకాక వస్తారు. ఇంటిపని ముగించుకుంటే నాకు ఆ పూట తీరిక. ఇంటి డ్రైవరు అల్లాబకష్‌ది కూడా రాయచోటే. నన్ను మహబూలాలో దింపి, సాయంత్రం మామా వాళ్ళు రాకముందే తెచ్చి ఇంట్లో పడేసేవాడు.

మొదటిసారి నేను పోయింది దేవుడి కోసం కాదు, అబద్ధమెందుకు? అక్కను చూద్దామని, కాసేపు ఏసీలో నడుం వాలుద్దామని పోయాను. హాల్లో కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. సిలువ లేదు, పటం లేదు, దీపం లేదు, పుస్తకం పట్టుకుని నిలబడే మనిషి లేడు. రూత్, కెన్యా దేశం నుంచి వచ్చిన ఎస్తేర్ అనే నర్సు, వెంకటేశ్వరి, నేను. అందరూ కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ఇంకా కూర్చున్నారు. ఎంతకీ లేవరు.

"అయ్యవారు ఎప్పుడొస్తాడక్కా?" అని చెవిలో అడిగాను.

"ఎవురూ రారు. కండ్లు మూసుకో."

"ఎంతసేపు?"

"గంట."

"వాయబ్బో!" అన్నాను. ఎస్తేర్ పెదాలు బిగబట్టి నవ్వు ఆపుకుంది. నేను కళ్ళు మూసుకుని హాయిగా నిద్రపోయాను. ఎవరో చెయ్యి పట్టుకుంటే మెలకువ వచ్చింది. చూస్తే రూత్. గంట అయిపోయాక పక్కవాళ్ళతో చేతులు కలపడం, వాళ్ళ ప్రార్థన ముగిసినట్టు గుర్తట. నా చేతికి ఇంకా ఉల్లిపాయ వాసన పోలేదు. ఆమె ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. ఈ దేశంలో అంతకుముందు నా చెయ్యి పట్టుకున్నది వేలిముద్రలు తీసుకున్నవాడొక్కడే.

ఆ చెయ్యి కోసమే మళ్ళీ మళ్ళీ పోయాను. ప్రార్థన అయ్యాక టీ తాగుతూ రూత్ వాళ్ళ మతం సంగతులు చెప్పేది, వెంకటేశ్వరి తెలుగులో నాకు వినిపించేది. మూడొందల యాభై ఏళ్ళకు పైమాటట. ఇంగ్లండులో చెప్పులు కుట్టే పని నేర్చుకున్న ఒకాయన, దేవుడు గుడి గోడల్లో లేడు, పూజారి చేతిలో లేడు, ప్రతి మనిషి లోపలా ఒక వెలుగై ఉన్నాడని ఊరూరా తిరిగి చెప్పాడట. దేవుని ముందు వణికేవాళ్ళని వెక్కిరిస్తూ జనం పెట్టిన పేరే క్వేకర్లు. నోరు మూసుకుని కూర్చుంటే లోపలి మాట వినపడుతుందట. ఎవరికి లోపల కదిలితే వాళ్ళు లేచి మాట్లాడొచ్చు, ఆడదైనా సరే, అంట్లు తోమేదైనా సరే. జడ్జీల ముందు టోపీ తీయలేదని వాళ్ళను జైళ్ళలో పెట్టారట. అందరూ సమానమైనప్పుడు ఒకడి ముందు ఇంకొకడు టోపీ తీయడమేమిటి అన్నారట. ఆ కథ నాకు భలే నచ్చింది. ఆ సాయంత్రం మామా పిలిస్తే తల వంచకుండా పోయి నిలబడ్డాను. మెడ పట్టిందా అని అడిగింది మామా.

కోర్టులో కూడా ఒట్టు వేయరట వాళ్ళు. ఎప్పుడూ నిజమే చెప్పేవాడికి ప్రత్యేకంగా ఒట్టెందుకు అంటారట. నేను పడీ పడీ నవ్వాను. మా పల్లెలో ఒట్టు లేకుండా పాలు కూడా అమ్మరు.

అన్నిటికంటే నా మనసులో నాటుకున్నది బానిసల కథ. అమెరికాలో బానిసలు పారిపోయి వస్తే, ఈ ఫ్రెండ్స్ వాళ్ళను అటకల మీద, నేలమాళిగల్లో దాచి, దొరలు వెతుక్కుంటూ వస్తే బయటపెట్టకుండా, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి చేర్చి కాపాడారట. చెప్పేటప్పుడు రూత్ కళ్ళు మెరిశాయి. నిజం చెప్పే మనిషి కదా, ఇంకో మాట కూడా చెప్పింది. అంతకుముందు ఫ్రెండ్స్ ఇళ్ళల్లోనూ బానిసలు ఉండేవాళ్ళట. అది తప్పని కొందరు లేచి చెప్పినా, అందరి మనసూ ఒకటయ్యేసరికి దగ్గర దగ్గర వందేళ్ళు పట్టిందట. ఆ రెండో మాటను నేను అంతగా పట్టించుకోలేదు. అటకల మీద దాచారన్న మాటే నాకు చెవుల్లో ఉండిపోయింది.

మనసులు ఒకటి కావడమేమిటో కూడా చెప్పాలి. వాళ్ళలో ఓట్లు ఉండవు, చేతులెత్తడం ఉండదు. ఏ పనైనా అందరూ కూర్చుని, మౌనంగా ఆలోచించి, ఒక్కొక్కరే మాట్లాడి, అందరికీ ఒప్పుదల అయితేనే చేస్తారు. ఒక్కరు కాదంటే ఆగుతుంది. ఒకసారి రూత్, ప్రార్థన సాయంత్రానికి మార్చుకుందామా అని అడిగింది. ఎస్తేర్ సరేనంది, వెంకటేశ్వరి సరేనంది. సాయంత్రమైతే నేను రాలేను. భయం భయంగా "నాకు కుదరదు" అన్నాను. ఇంకేముంది, నోరు మూసుకోమంటారు అనుకున్నాను. అందరూ కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి రూత్ కళ్ళు తెరిచి, అయితే మార్చం, ఎప్పటిలాగే పొద్దున కూర్చుందాం అంది. అంతే! నలుగురిలో నేనొక్కదాన్ని కాదంటే కాలం ఆగిపోయింది. ఆ రోజు నేను నేల మీద నడవలేదు.

దారిలో అల్లాబకష్‌కు చెప్పాను. ఆయన స్టీరింగ్ మీద వేళ్ళతో తట్టుకుంటూ విన్నాడు.

"ఒకరు కాదంటే ఆగిపోతాదా?"

"ఆగిపోతాదన్నా!"

"అట్లయితే మ్మా, చెడ్డపని ఆగేదానికి బాగుంటాది. మంచిపని ఎట్ల జరుగుతాది మరి?"

"నీకు తెల్దులే అన్నా" అన్నాను. నాకే తెలీదు.

పోయిన నెలలో ఒక గురువారం మామా వంటింట్లోకి వచ్చి, నా బట్టలన్నీ సర్దుకోమంది. ఇకమీద నేను కబ్ద్‌లోనే ఉండాలట. తోట చూసుకునే ఆమె తమ్ముడికి వండిపెట్టే మనిషి లేదట. నా చేతిలో పళ్ళెం జారి పగిలింది. ఆ తమ్ముడి సంగతి నాకు తెలుసు. చలికాలంలో అందరం తోటలో ఉన్నప్పుడు వాడు నా గది తలుపు నెట్టాడు. గ్యాసు బండ తలుపుకు అడ్డం దొర్లించి, దాని మీద కూర్చుని తెల్లవార్లూ కాపలా కాశాను. మర్నాడు మామాకు చెబితే చెంప మీద కొట్టింది. ఇప్పుడు మళ్ళీ చెప్పాను, కాళ్ళు పట్టుకున్నాను, ఇంకెక్కడికైనా పంపమన్నాను. ఆమె నా ఫోను తీసుకుని పోయి తన గదిలో పెట్టుకుంది.

శుక్రవారం మామా వాళ్ళు ముందుగా పోయారు. సామాన్లతో పాటు నన్ను వెనక తీసుకురమ్మని అల్లాబకష్‌కు చెప్పారు. బియ్యం మూటల పక్కన నన్నూ ఒక మూటలా కూర్చోబెట్టుకుని ఆయన బండి తీశాడు. దారిలో అంతా చెప్పేశాను. పారిపోతానన్నాను.

"పారిపోతానంటావు, సరే. యాడికి పోతావు? ఎంబసీ ఈ పొద్దూ రేపూ మూసే ఉంటాది. ఆదివారం దాకా యాడుంటావు? దొరికినావంటే మళ్ళా ఆ తోటకే తెచ్చి పడేస్తారు."

"మహబూలాలో దింపన్నా. వాళ్ళు దాచేవాళ్ళు. బానిసలనే దాచిండారు."

అల్లాబకష్ అద్దంలోంచి నా వంక చూశాడు. కబ్ద్ వైపు పోవాల్సిన బండిని మహబూలా వైపు తిప్పాడు.

"నీకు మాట రాదా అన్నా?"

"పెట్రోలు బంకు కాడ దిగి ఎటో పాయె, నేను చూడలేదు అని చెప్తాలే. ఒక్క అబద్ధం. అల్లా మాఫ్ చేస్తాడు" అన్నాడు.

నేను పోయేసరికి ముగ్గురూ అప్పటికే మౌనంలో ఉన్నారు. బట్టల సంచి తలుపు దగ్గర పెట్టి, నా కుర్చీలో కూర్చున్నాను. లోపల కదిలితేనే మాట్లాడాలి కదా. ఆ రోజు నాకు కదిలినంత, ఆ గదిలో ఎవరికీ ఎన్నడూ కదిలి ఉండదు. లేచి నిలబడి తెలుగులోనే చెప్పాను, తోట సంగతి, తలుపు సంగతి, చెంపదెబ్బ సంగతి. ఆదివారం ఎంబసీ తెరిచేదాకా నన్ను ఇక్కడ ఉండనివ్వండి, మూల పడి ఉంటాను, కిటికీ దగ్గరకు కూడా రాను అన్నాను. వెంకటేశ్వరి ఒక్కో మాటా ఇంగ్లీషులో చెబుతూ పోయింది. రూత్ పరుగున వచ్చి నన్ను కావలించుకుని ఏడ్చింది. నిజంగా ఏడ్చింది, నా భుజం తడిసింది. గట్టెక్కాను స్వామీ అనుకున్నాను.

అప్పుడు రూత్, ఇది అందరం కలిసి తేల్చుకోవాల్సిన మాట అంది. ముందు మంచినీళ్ళు తెస్తానంటూ వంటింట్లోకి పోయి, వెంకటేశ్వరిని పిలిచింది. మధ్యలో అద్దాల తలుపు. రూత్ చెయ్యి వెంకటేశ్వరి భుజం మీద ఉండటం, రూత్ పెదాలు మెల్లగా కదలటం నాకు కనపడింది. వెంకటేశ్వరి కుళాయి వైపు చూస్తూ నిలబడింది. తర్వాత ఇద్దరూ వచ్చారు. నీళ్ళు తాగాను. అందరూ మళ్ళీ కళ్ళు మూసుకున్నారు.

నా వల్ల కాలేదు. "ఇల్లు తగలబడ్తాంటే కండ్లు మూసుకొని కూసుంటారా అక్కా?" అన్నాను.

"ఉండు మే. వీళ్ళ పద్ధతే అంత" అంది వెంకటేశ్వరి, కళ్ళు తెరవకుండా. ఎప్పుడూ మా పద్ధతి అనేది. ఆ పూట వీళ్ళ పద్ధతి అయింది. అది నాకు తర్వాత తట్టింది.

మొదట ఎస్తేర్ మాట్లాడింది. తను ఉండేది హాస్పిటలు క్వార్టర్స్‌లో, గేటు దగ్గర కాపలా లేకపోతే ఈ క్షణమే నన్ను తీసుకుపోయేదాన్నని, ఈ మనిషి ఇక్కడే ఉండాలని చెప్పింది. తర్వాత రూత్ మాట్లాడింది. ఈమె ఉండాలనే తన మనసూ చెబుతోందట. కానీ తనొక్కదాని మనసు చాలదట, అందరికీ ఒప్పుదల కావాలట. ఆ రెండు మాటలూ వెంకటేశ్వరే నాకు తెలుగులో చెప్పింది. చెప్పి ఊరుకుంది. అందరం ఆమె వంకే చూస్తున్నాం. నాకు భయమేమీ లేదు. అక్క కాదా? చిన్నగా నవ్వాను కూడా.

"నో" అంది వెంకటేశ్వరి. ఇంకేదో ఇంగ్లీషులో అంది. తెలుగులో చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు.

"ఏందక్కా నువ్వనేది?"

ఆమె నేల చూపులు చూసింది. "నాకు ఒప్పుదల కాదు మే. పోలీసోళ్ళొచ్చి ఈడ ఎవురన్నా ఉండారా అంటే లేరని నేను చెప్పలేను. నా ఇఖామా పోతాది. నా బతుకేం కావాల?"

"నా బతుకేం కావాల? ఆ తోటలో వాని కాళ్ళకాడ పడుండమంటావా? బంకు కాడ దిగిపాయె అని ఆ అల్లాబకషన్న నా కోసం అబద్ధం మోస్తాండాడే! నువ్వు మోయలేవా?"

"మేము అబద్ధం ఆడం."

"అబద్ధం ఆడరు. గొంతులు కోస్తారు!"

ఎస్తేర్‌కు తెలుగు రాకపోయినా అర్థమైంది. లేచి వచ్చి వెంకటేశ్వరి ముందు మోకాళ్ళ మీద కూర్చుని బతిమాలింది. వాళ్ళలో ఇంకో దారి కూడా ఉంది. నాకు ఇష్టం లేదు కానీ అడ్డం నిలబడను అని పక్కకు తప్పుకోవచ్చు. ఆ మాట కూడా అడిగింది. వెంకటేశ్వరి తల అడ్డంగా ఊపింది. రూత్ కాసేపు కళ్ళు మూసుకుంది. ఆమె భుజాలు కిందికి దిగాయి. నెత్తిన బిందె దించుకున్న మనిషి భుజాలు ఎలా దిగుతాయో నాకు తెలుసు. తర్వాత ఒక కాగితం మీద రెండు ముక్కలు రాసి చదివింది. వాళ్ళు తేల్చింది అప్పటికప్పుడే రాసి అందరికీ చదివి వినిపిస్తారు. వెంకటేశ్వరి అది తెలుగులో చెప్పింది.

"నీ విషయంలో ఒప్పుదల కుదరలేదు. నిన్ను వెలుగులో తలుచుకుంటాం."

వెలుగులో తలుచుకుంటారట! బయట జూలై ఎండ సిమెంటును కాలుస్తోంది. నన్ను అందులోకి తోసి, వెలుగులో తలుచుకుంటారట. వెలుగుకేం కొదవ?

రూత్ ఎస్తేర్ చెయ్యి పట్టుకుంది. ఎస్తేర్ వెంకటేశ్వరి చెయ్యి పట్టుకుంది. ప్రార్థన ముగిసింది మరి. వెంకటేశ్వరి నా వైపు చెయ్యి చాపింది. నేను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాను. సంచి తీసుకుని లిఫ్టు దగ్గరకు వచ్చేశాను.

వెనకాలే వెంకటేశ్వరి స్టీలు టిఫిను డబ్బా పట్టుకుని వచ్చింది. తలుపులు మూసుకునేలోగా లోపలికి దూరింది. "తినలేదు గదా మే, చిత్రాన్నం" అంది. ఆ డబ్బా తీసి ఆమె నెత్తిన కొట్టాలనిపించింది. కానీ ఆమె నా వైపు కాక లిఫ్టు గోడ వైపు చూస్తోంది. అది చూశాక వంటింటి అద్దాల తలుపు గుర్తొచ్చింది.

"అక్కా, నిన్ను ఒట్టు పెట్టమనను. మీకు ఒట్లు లేవు గదా. ఊరికే నిజం చెప్పు. ఆ మాట నీదేనా?"

లిఫ్టు దిగుతోంది.

"వంటింట్లో ఏమనింది ఆమె?"

"ఏమనలేదు."

"అక్కా!"

"ఏమనలేదు మే. 'నా మనసు ఆమెను ఉండమనే అంటాది, నేనైతే కాదనలేను' అనింది. 'నీ మనసులో ఏముంటే అదే చెప్పు' అనింది." డబ్బాను ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుంది. "'నీ ఇఖామా నా పేరు మీద ఉందని మాత్రం మర్చిపోవద్దు. పోలీసులొస్తే నిన్ను నేను కాపాడలేను' అనింది. అంతే. బెదిరియ్యలేదు. ఒక్క మాట గట్టిగా అనలేదు."

నేను నవ్వాను. ఏడవాల్సిన చోట నవ్వు వచ్చింది. మా మామా అరుస్తుంది, చెప్పు విసురుతుంది. దెబ్బ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుస్తుంది. ఇక్కడ తడిగుడ్డతో గొంతు కోశారు. కాదనే మనసు రూత్‌ది. కాదనే నోరు మాత్రం వెంకటేశ్వరిది. పాము చావలేదు, కర్ర విరగలేదు. రూత్ నా కోసం ఏడ్చిన మంచి మనిషిగా మిగిలింది, నన్ను గెంటేసిన పాపం ఆమె పనిమనిషి నెత్తిన పడింది.

వెంకటేశ్వరి మీద జాలి వేయలేదా అంటే వేసింది. జాలి వేసినంత మాత్రాన మంట ఆరదు. ఆ మాటే గదిలో లేచి చెప్పొచ్చు కదా! రూత్, నువ్వు అనలేనిది నాతో అనిపిస్తున్నావు అని ఆ గుండ్రటి కుర్చీల మధ్య నిలబడి ఒక్కమాట అనొచ్చు కదా! అంట్లు తోమేదైనా సరే లేచి మాట్లాడొచ్చని నాకు చెప్పింది ఎవరు? అన్నేళ్ళు కూర్చుని ఏం విన్నది లోపల?

"అన్నీ తెలిసి కూడా నన్ను అమ్మేస్తివే అక్కా" అన్నాను. ఆమె ఏడ్చింది. కుళాయి లేదు అక్కడ, అందుకని కొంగు నోట్లో కుక్కుకుంది.

లిఫ్టు కింద ఆగింది. నేను దిగలేదు. పై నంబరు నొక్కాను.

"ఒద్దు మే! పైకి పోవద్దు. నేను చెప్పినానని చెప్పొద్దు. నీ కాళ్ళు పట్టుకుంటా."

"చెప్పన్లే. ఆమెకు మర్యాద చెయ్యకుండా వచ్చినా. చేసి వస్తా."

తలుపు రూత్ తీసింది. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. నన్ను చూసి చేతులు చాపింది, మళ్ళీ కావలించుకోవడానికి. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. పైట నెత్తిన కప్పుకున్నాను. చేతులు కడుపు మీద కట్టుకుని, తల వంచి, మామా గదిలోకి టీ తీసుకుపోయి నిలబడినట్టు నిలబడ్డాను. నాకు ఇంగ్లీషు రాదు. ఇళ్ళల్లో మాట్లాడే అరబ్బీ వచ్చు, ఇన్నేళ్ళు ఇక్కడున్న ఆమెకూ ఆ మాత్రం వచ్చు.

"ఖలాస్, మామా. పోతున్నాను, మామా" అన్నాను.

ఆమె ముఖంలో రక్తం ఇంకిపోయింది. "నో, నో... రూత్... రూత్" అంది, గుండె మీద చెయ్యి పెట్టుకుని.

"నీ పనిమనిషి చాలా మంచిది, మామా" అన్నాను. "చెప్పినట్టు వింటుంది."

వెనక లిఫ్టులో టిఫిను డబ్బా కింద పడిన చప్పుడైంది. నేను తిరిగి చూడలేదు. మెట్ల మీదుగానే దిగిపోయాను, ఎన్ని అంతస్తులో కూడా తెలీలేదు. ఆ మాట అన్నందుకు ఈ రోజుకీ నాకు బాధ లేదు. వెంకటేశ్వరి విన్నందుకు మాత్రం ఉంది, కొంచెం.

కింద అల్లాబకష్ బండి అక్కడే ఉంది. కబ్ద్‌లో ఆయన కోసం ఎదురుచూస్తుంటారు, ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు.

"పోలేదా అన్నా?"

"వాళ్ళు కుర్చీల్లోంచి లేచేదాకా చూద్దామని ఆగినా" అన్నాడు. బండి తలుపు తీశాడు.

అబ్బాసియాలో ఆయనకు తెలిసిన బుడేన్‌బీ ఇల్లు ఉంది. ఆమె మొగుడికి టైలరు షాపు. ఆమె ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఆ ఇరుకు వరండాలో నాలుగిళ్ళ తలుపులు ఒకదాన్నొకటి చూసుకుంటుంటాయి. బుడేన్‌బీ నోట్లో సూదితోనే తలుపు తీసింది.

"మన రాయచోటి పిల్ల. ఇంట్లోంచి వచ్చేసింది. ఆదివారం పొద్దున ఎంబసీకి పోతాది" అన్నాడు అల్లాబకష్.

బుడేన్‌బీ కళ్ళు మూసుకోలేదు. మొగుడినీ అడగలేదు, దేవుడినీ అడగలేదు. వరండాలో అటూ ఇటూ చూసి, నోట్లో సూది తీసి, నా కాళ్ళ వంక చూసింది.

"చెప్పులు లోపల పెట్టుకో మ్మా. కొత్త చెప్పులు కనపడితే అడుగుతారు" అంది.

అప్పుడు ఏడుపొచ్చింది. మామా కొట్టినప్పుడు రానిది, గదిలో రానిది, లిఫ్టులో రానిది, చెప్పులు చేత్తో పట్టుకుని ఆ గడప మీద నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమె నన్ను లోపలికి లాగి, తలుపేసి, ఆ ఇంట్లో ఏమన్నా చేశారా అని అడిగింది. నేను తల అడ్డంగా ఊపాను. తోట గురించి కాదు నా ఏడుపు. చెప్పులు లోపల పెట్టుకో అన్న ఆ మాట నాతో అనాల్సింది వెంకటేశ్వరి.